గౌరి ముక్కు

ఆదివారం పొద్దున ఏడింటికి
సర్క్యులర్ వచ్చింది, పదకొండు పేజీలు.
రిసెప్షన్‌లో ప్రింటరు దగ్గి దగ్గి
తొమ్మిదో పేజీ దగ్గర పడకేసింది.

టీ చల్లారేదాకా చదివాను.
తట్టు మళ్ళీ తిరుగుతోంది,
ఒంటి మీద పొక్కులకన్నా ముందు
బుగ్గ లోపల తెల్ల చుక్కలు వెతకండి.
మూడు వారాలు దాటిన దగ్గుకి సిరప్పు రాసి పంపేయకండి.
సెలవు నుంచి తిరిగొచ్చినవాడి జ్వరం
పచ్చడి సీసాతో పాటు విమానం దిగి ఉండొచ్చు, మలేరియా మరవకండి.
నాలుగో పేజీలో, నల్లగా లావుగా:
జ్వరమూ ఆయాసమూ ఉన్న ప్రతివారినీ
ఒంటెల సంగతి అడగండి.

అడగడానికెంత సేపు!
షహానియాలో మా క్లినిక్ కిటికీ తెరిస్తే
పందెపు ఒంటెలు జూలు కప్పుకుని రోడ్డు దాటుతుంటాయి,
లాండ్‌క్రూజర్లు ఆగి చూస్తుంటాయి.
ఇక్కడ ఒంటెని చూశావా అనడం
మా అనకాపల్లిలో బెల్లం చూశావా అనడమే.

సాయంత్రం, టోకెన్ నలభై ఒకటి.
రేగుంట పోశెట్టి, ముప్పై ఎనిమిది, జగిత్యాల అవతల పల్లె.
జ్వరం నూట రెండున్నర.
వేలికి తగిలించిన క్లిప్పులో
తొంభై ఒకటి, తొంభై, మళ్ళీ తొంభై ఒకటి.
"ఒంటెల దగ్గర పనా?"
"కాదు మేడం. తోట పని."
కాగితంలో గడి ఉంది. 'లేదు' మీద టిక్కు పెట్టాను.
ఎంత తేలిగ్గా పడిందో ఆ టిక్కు
నా వేలికి ఇంకా గుర్తే.

ఎక్స్‌రేకి రాస్తూ, నోరు ఊరుకోక,
"మీవాళ్ళలో ఇంకెవరికైనా బాలేదా?" అన్నాను.
ఆ మాటకి మొహం విచ్చుకుంది.
"మా గౌరికే మేడం.
వారం సంది ముక్కు కారుడే కారుడు. పాలు ముడుతలేదు.
నేనే తుడుస్తున్న, నా తువ్వాలతోని."
"పాపకి ఎన్నేళ్ళు?"
"నాలుగు నెలలు."
రెండేళ్ళుగా ఊరెళ్ళలేదని ఇందాకే చెప్పాడు.
పెన్ను ఆగింది.
"గౌరి ఎక్కడుంది పోశెట్టీ?"
"షెడ్డుల. తల్లి దగ్గరికి రానిస్తలేదు,
రాత్రి నా పక్కకే పంటది. మెడ, ఇగో, ఇంత..."
చెయ్యి బారుగా చాపాడు.
చాపిన చేతిని తనే చూసుకుని
మెల్లగా దించుకున్నాడు.

"వీసా తోట పని మీద మేడం.
షెడ్డు సంగతి తెలిస్తె మా కఫీలు..."
మిగతా వాక్యాన్ని దగ్గు తినేసింది.

మాస్కు అతనికి, తర్వాత బిన్సీకి, నాకు.
తలుపు మూసి, బయట బెంచీ మీది తొమ్మిదిమంది
పేర్లూ ఫోన్ నంబర్లూ రాయించాను.
ఒకాయన నంబరు ఇవ్వనన్నాడు, బతిమాలాను.
దోహాకి ఫోన్ చేస్తే అవతలి గొంతు
నిద్రలో పాఠం అప్పజెప్పినట్టు అడిగింది:
"క్యామెల్ కాంటాక్ట్?"
ఉంది అన్నాను.
ఉంది అంటే ఏమిటో చెప్పడానికి గడి లేదు.

సర్క్యులర్ రాసినవాళ్ళని ఏమంటాం?
ఒంటె అని అడగమన్నారు, ఒంటె అనే అడిగాను.
అతను ఒంటె పక్కన పడుకోలేదు.

అంబులెన్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.
"పొద్దుగాల దానికి పాలెవరు పడుతరు మేడం?
సీసాతో పడితెనే తాగుతది."
తుమ్ము, తుంపర, పద్నాలుగు రోజులు, అన్నీ నోటికొచ్చు నాకు.
దీనికి జవాబు తొమ్మిదో పేజీలో ఉందేమో,
ప్రింటరు ఇంకా లేవలేదు.

రిజల్టు ఏమొచ్చిందని బిన్సీ రోజూ అడుగుతుంది.
అది నా చేతికి రాని కాగితం.

ఇప్పుడు నేను అడిగే తీరు మారింది.
"నీ పక్కన ఎవరు పడుకుంటారు? పేరేంటి?"
కొందరు నవ్వుతారు, ఒకడికి కోపమొచ్చింది.
నిన్నొక కుర్రాడు, సిరిసిల్ల,
సిగ్గుపడి గోడకేసి చూస్తూ
"బుజ్జోడు" అన్నాడు.

"ముక్కు కారుతోందా?" అన్నాను.